అక్షరానికి నలభై

బోయిగూడ సమాధుల తోటలో
కొత్త గుంతకు చోటు లేదు.
నాయిన గుంతనే తవ్వుకోమన్నారు.
పద్నాలుగేళ్లయింది కదా, పర్లేదన్నారు.

మొగులయ్య గడ్డపార ఆపి
"అక్కా, జర అటు తిరుగు" అన్నాడు.
తిరగలేదు నేను.
గాంధీలో ఇరవై రెండేళ్లు నైట్ డ్యూటీలు చేసినదాన్ని.
ముందు బైబిలు జిప్పు బయటపడింది,
పుస్తకం లేదు, ఉత్త జిప్పు.
తర్వాత టెరికాట్ చొక్కా కాలరు.
మట్టి అన్నీ తిన్నది గాని
కాలరును ఇంకా నములుతూనే ఉంది.
ఎముకల్ని తెల్లగుడ్డలో చుట్టి
ఒక మూలకు జరిపి
"పెద్దాయన సర్దుకుంటడు తియ్యి" అన్నాడు.

పైన తమ్ముడు. జీవరత్నం.
నలభై ఒకటి. లివరు.
పదిహేడో ఏట బాప్తిస్మం తొట్టిదాకా వచ్చి
తడి మెట్ల మీంచే పారిపోయినవాడు.
సంఘ రిజిస్టరులో నాయిన పేరు కింద
వాడిది పెన్సిలు రాత.
గేటు దగ్గర పెద్దలు గంటసేపు నిలబడి
కాగితం చూసి, ఎండ చూసి,
చివరికి నాయిన ముఖం చూసి సరేనన్నారు.
ముఖం అంటే, మాటవరసకి.

వాడి మంచితనం లెక్క చెప్పబోను.
వానలో నిండు చూలాలిని ఆసుపత్రికి చేర్చిన
ఆటోవాళ్ల కథలు మీరు విన్నవే.
అలాంటివి ఒకటో రెండో వాడూ చేసే ఉంటాడు.
అమ్మ గొలుసు కుదువ పెట్టిందీ వాడే.
క్రియల త్రాసు తెస్తే వాడు తేలిపోతాడు.
నేనెంత తూగుతానో చెప్పలేను.
పన్నెండో బెడ్డు ముసలాయన నీళ్లడిగిన రాత్రి
వస్తున్నా తాతా అని, కుర్చీలోనే కునికాను.
లేచేసరికి బెడ్డు మీద దుప్పటి మార్చేశారు.
గొర్రెలూ మేకలూ విడిపోయే చోటు రాగానే
ఇప్పటికీ పేజీ తిప్పేస్తాను.

ఒక ఆదివారం మెట్టుగూడ చర్చి నుంచి
నాయిననూ నన్నూ వాడే ఆటోలో తెస్తున్నాడు.
"కృప కృప అంటవు, ఏందే నాయినా అది?"
నాయిన రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు. వేదాంతం రాదు.
ఆలుగడ్డ బావి వంతెన కింద నిలిచిన నీళ్లు
దాటేదాకా ఆలోచించి
"మీటరు వెయ్యకుండ ఇంటిదాక దింపుడు రా" అన్నాడు.
వాడు నవ్వాడు.
"మరి పెట్రోలెవడు పోస్తడు?"
నాయిన నవ్వలేదు.
రోడ్డు వైపు చూస్తూ
"పోసిండు" అన్నాడు.
లాలాగూడ దాకా ఎవరం మాట్లాడలేదు.
మర్నాడు చూస్తే
మీటరు మీద ఎర్రగుడ్డ కప్పి ఉంది.
నమ్మకమో, వేళాకోళమో,
రిపేరో.
నేనడగలేదు.

రాయి చెక్కేవాడు అక్షరానికి నలభై అన్నాడు.
నాయిన పేరు కింద ఖాళీ ఉంది.
పేరు, తేదీ, "నిద్రించెను". అంతే చాలన్నారు పెద్దలు.
"ప్రభువునందు" అనే మాట
అందరికీ రాయకూడదట.
వేళ్ల మీద లెక్కపెట్టాను.
ఐదక్షరాలు. రెండు వందలు.
ఉచితమని చెప్పినదాన్ని డబ్బిచ్చి కొంటున్నానా
అని కాసేపు అక్కడే నిలబడ్డాను.
పర్సు తీసి, చెక్కమన్నాను.
తప్పయితే
గ్రంథాలు విప్పే రోజున
నా పేరు దగ్గర రాసుకోనీ.

చిన్నప్పుడు వర్క్‌షాపు సైరనుకు
క్వార్టర్ల వరసంతా లేచేది. వాడు తప్ప.
నాయిన మొదటి కూతకే లేచి
ముఖం కడుక్కుని వచ్చి వాడి దుప్పటి లాగేవాడు.
ఇప్పుడు నాయిన కింద, వాడు పైన.
బూర మోగిన పొద్దున
పైవాడు లేస్తే గాని కిందివాడికి దారి లేదు.
వాడికా, అంత తొందరగా తెల్లారదు.
వేళ మించిపోతున్నా సరే
పక్కనుంచి జారుకునే మనిషి కాదు నాయిన.
కాలరు సవరించుకుని
మోచేత్తో పొడుస్తుంటాడు:
లెవ్వురా. జీవా, లెవ్వు.