తాసీల్దారు వేషం

ఏడు రోడ్ల జంక్షన్లో దిగి
ఏ రోడ్డో తెలీక
పలాస ఆడోళ్ళు ఆరుగురు
అరగంట గుండ్రంగా తిరిగొచ్చారు.
"ఏడుండి ఏటి బాబూ,
మన మీటింగుకి ఒక్కటీ తిన్నగా రాదు"
అంది తవిటమ్మ, చెప్పులు విడుస్తూ.

సైకిల్ షాపు మీద మేడ.
అద్దె ఎనిమిది వందలు,
ఫ్యాను వేస్తే ఇంకో యాభై.
వేశాం.
బ్యానరు మీద 'హకుల శిక్షణ' అని ఉంది,
ప్రింటింగు కుర్రాడు ఒత్తు మింగేశాడు.
డిగ్రీలు చదివిన మా కళ్ళకి ఆనలేదు.
సీతంపేట నుంచొచ్చిన సవర జమ్మన్న
ఒక్కో అక్షరం వేలితో తడిమి
"ఇక్కడేదో తగ్గింది సార్" అన్నాడు.

పొద్దున్న రెండు గంటలు నేనే మాట్లాడాను.
సెక్షన్లు, గడువులు, అప్పీళ్ళు.
అర్జీ ఇస్తే రసీదు అడగాలని
మూడుసార్లు చెప్పాను.
పక్కూళ్ళో పడ్డ వాన ఊసు విన్నట్టు
మర్యాదగా విన్నారు.

ఉప్మా పొట్లాలయ్యాక
మధ్యలో ఒక కుర్చీ వేశాను.
ఇది తాసీల్దారు ఆఫీసు. ఎవరు కూర్చుంటారు?
ఎవరూ లేవలేదు.
తవిటమ్మ వచ్చి
కుర్చీని కొంగుతో తుడిచి
పక్కన నిలబడింది.
కూర్చోమంటే
అంచు మీద కూర్చుంది, బస్సులో మూడో మనిషిలా.
తర్వాత
వెనక్కి వాలింది.

అసిరితల్లి అర్జీతో వచ్చింది.
"జీడిపిక్కల పాలు
నా ఏలి గీతలన్నీ తినేసినాది మేడమ్.
బియ్యం మిషను
నాను నాను కాదంటంది."

తవిటమ్మ తలెత్తలేదు.
లేని కళ్ళద్దాలు పైకి తోసింది.
లేని ఫోను చెవికానించి
లేని ఎవరితోనో నవ్వింది.
తెల్లకాగితం అటు తిప్పి, ఇటు తిప్పి
"జిరాక్సు నేదు. రేపు రా."
"రేపు ఆదివారం మేడమ్."
"ఎల్లుండి రా. ఎల్లుండి నానుండను."

మేడంతా ఒకటే నవ్వు.
ఆ నవ్వు ఒక్కొక్కరి దగ్గరా
ఆగిపోతూ వచ్చింది.
పదకొండుసార్లు తిరిగిందట తవిటమ్మ.
సర్టిఫికెట్టు రాలేదు,
ఈ విద్య వచ్చింది.

అసిరితల్లి ఆట మరిచిపోయింది.
రెండు చేతులా కాగితం పుచ్చుకుని
"అలగే అమ్మా" అని
నిజంగానే గుమ్మం వైపు నడిచింది.

కుర్చీలోంచి లేచి అరిచింది తాసీల్దారు:
"ఒసే అసిరీ! రసీదు అడగవేటే!"
"నువ్వే కదా ఎల్లమన్నావు."
"నాను ఎల్లమంటే
ఎల్లిపోతావేటి?"

నా సెక్షన్లలో ఎక్కడా లేదు
ఆ మాట.

మళ్ళీ ఆడారు.
మూడోసారి అసిరితల్లి గొంతు వణికింది,
నాలుగోసారి జమ్మన్న బంట్రోతై తోసేస్తే
నేల మీద చతికిలబడింది.
ఆరోసారి
"రసీదు" అంది. అంతే అంది.
మరో మాట ఆడకుండా
చెయ్యి చాపి నిలబడింది,
తాసీల్దారుకే చెమటలు పట్టేదాకా.

ఆ రసీదు నా ఫైల్లో ఉంది.
ఇచ్చినవారి వేలిముద్ర,
పుచ్చుకున్నవారి వేలిముద్ర.
రెండింట్లోనూ ఒక్క గీత లేదు.
గుండ్రంగా, దీపం మసిలా
రెండు నల్లటి చుక్కలు.
ఏది ఆఫీసరుదో ఏది అర్జీదారుదో
ఇప్పుడు నాకూ తెలీదు.

మెట్లు దిగుతుంటే
సైకిల్ షాపు ముసలాయన
ట్యూబులో గాలి చూస్తూ అడిగాడు:
"పైన నాటకమేటి?"
"సోమవారం పలాసలో ఆడతాం" అంది తవిటమ్మ,
"టిక్కెట్టు నేదు."

వాళ్ళని బస్సెక్కించి
తాళం వేద్దామని పైకొస్తే
ఖాళీ కుర్చీ మీద
యాభై రూపాయల ఫ్యాను
ఇంకా తిరుగుతోంది.