నూనె ఇసక

టూరు పుట్టిన మూడో ఏడు మా ఊరొచ్చింది.
వచ్చింది పాసింజరు బండిలో,
కిటికీల్లోంచి సంచులు, సంచుల్లోంచి కర్రల తలకాయలు,
ముప్పై ఎనిమిది మంది.
రాయగడ స్టేషన్లో టీ కొట్టు త్రినాథ్ సబత్
వాళ్లని హాకీ జట్టనుకున్నాడు.
నేను దిద్దలేదు.

మిల్లు బడికి సెలవిచ్చారు.
మూడో తరగతి గదిలో బెంచీలు జతచేసి పడకలు.
నల్లబల్ల మీద ఎక్కాలు చెరపకుండానే
పక్కన ఎవరెప్పుడు మొదలెట్టాలో రాశారు:
ఏడేళ్లు నలభై తొమ్మిది,
ఏడూ నలభై తొమ్మిదికి లఖన్ మహతో.

జెండా లేదు ఆ ఏడు.
యూనియన్ వాళ్ల మేడే గుడ్డ అడిగి తెచ్చి
వెనక్కి తిప్పి, టూరు పేరు రాశారు.
ఎండ పడ్డప్పుడల్లా
లోపలి అక్షరాలు ఇవతలికి కనపడేవి.

మాది తొమ్మిది గుంటల మైదానం,
రెండుసార్లు తిరిగితే పద్దెనిమిది.
మా వైపు పిల్లల్నీ గుంటలనే అంటారు,
తొమ్మిది గుంటలకి తొమ్మిది మంది గుంటలం.
ఐదోది నాది, ఆరోది కడ్రక సింగడిది.
సింగడికి తెలుగు రాదు, నాకు కువి రాదు,
ఇద్దరికీ సగం సగం వచ్చిన ఒడియాలో తిట్టుకునేవాళ్లం.

పచ్చిక పెంచేటన్ని నీళ్లు మిల్లు వదల్దు.
అందుకని గుంట చుట్టూ
నాగావళి ఇసక, లారీలు కక్కిన మడ్డి నూనె,
కలిపి తొక్కి చదును చేసిన నల్లటి చక్రం.
ఆఫీసర్లు దాన్ని బ్రౌన్ అనేవారు.
మాకది నూనె ఇసక.
ఎండెక్కితే ఆ వాసన
అన్నం ముద్దలోకి కూడా వచ్చేది.

నా పని గోనె.
కర్రకి కొబ్బరి తాడుతో కట్టిన గోనెపట్టా,
బంతి దగ్గర్నుంచి గుంట దాకా ఒక్క ఈడ్పు.
ఒక్కొక్కడికి ఒక్కో దారి.
వాడు కొట్టి వెళ్లాక
వాడి బూటు గుర్తుల మీద ఇంకో ఈడ్పు.
రోజుకి పదకొండు రూపాయలు, ఒక పూట ఉప్మా.

లఖన్ రాంచీ వైపు వాడు.
పన్నెండేళ్లు ఎవరెవరి సంచులో మోసి
ఆ ఏడే తన సంచి తను మోసుకుంటున్నాడు.
ఎడమ బూటుకి ఇనప ముళ్లు మూడే మిగిలాయి,
వాడి అడుగులు చెరిపేటప్పుడు లెక్కపెట్టాను.
నా పేరడిగింది వాడొక్కడే.
బెవర కూర్మారావు అన్నాను.
కూర్మా, అన్నాడు,
వంగి నేను గీసింది కాసేపు చూసి
దారి బావుంది, అన్నాడు హిందీలో.

రెండో రోజు, రెండో చుట్టు.
ముప్పై ఎనిమిదిలో ఇరవై మందే రేపటికి ఉంటారు,
మిగతావాళ్లకి రాత్రి బండి.
అప్పటికే నా తాడు ముడి ఒకటి ఊడి
కొస కింద ఈడుస్తోంది.
చూశాను.
ఉప్మా తిన్నాక కట్టుకుందాం అనుకున్నాను.

మూడడుగుల దూరం అంతే.
బంతి తిన్నగా బయల్దేరి,
సగంలో వెంట్రుకంత గాడి ఎక్కి,
గాడి చెప్పినట్టు విని,
గుంట అంచున నిలబడి లోపలికి చూసింది.
పడలేదు.

లఖన్ గాడి వైపు చూశాడు.
నా వైపు చూళ్లేదు.
చూసుంటే బావుండేది.
బంతి లోపలికి తోసేసి,
మోకాలి మీద కూర్చుని
అరచేత్తో ఆ గాడిని మెల్లగా సాపు చేశాడు,
వెనక వచ్చేవాడి కోసం.

ఒక్క దెబ్బ తేడా.
రాత్రి బండికి వాడి సంచి ఎక్కించింది త్రినాథే,
టీ డబ్బులు తీసుకోలేదట.

సోమవారం నల్లబల్ల తుడవమన్నారు నన్ను.
ఎక్కాలు తుడిచాను.
ఆ పేరున్న వరస మాస్టారు తుడిచారు.

ఇప్పుడు టీవీలో అదే టూరు.
పట్టుచీర తడిపి పరిచినట్టు పచ్చిక,
బహుమతి చెక్కు మనిషంత పొడుగు.
మా ఐదో గుంట మీద మిల్లు వాళ్లు
నీలగిరి దుంగలు పేరుస్తారు.
గట్టి వాన పడితే
దుంగల కిందనుంచి నూనె రంగులు తేలుతాయి,
రీలు సెక్షన్ కుర్రాళ్లకి అదెక్కడిదో తెలీదు.

ముడి ఊడిన సంగతి
ఎవరికీ చెప్పలేదు ఇన్నేళ్లు.
ఆ సాయంత్రమే సింగడికి చెప్పాను,
మొత్తం, తెలుగులో.
వాడు చివరిదాకా విని
తన ఉప్మా సగం నా ఆకులో వేశాడు.