జానెడు అరుగుదల

రాజ్‌కోట్‌ది కొత్తది, లక్షా ఎనభై.
పెయింటు వాసన ఇంకా పోలేదు.
పాతది, ఆదోనిలో మూతపడిన జిన్నింగు మిల్లుది,
తూకం లెక్కన ఇస్తామన్నారు.

మద్దిలేటన్నను పిల్చుకోని పోయినా.
కండ్లజోడు తీసి జేబులో పెట్టుకోని
బెడ్డు పొడుగునా బొటనవేలి గోరు నడిపించినాడు.
చక్ దగ్గర ఆగినాడు.
"ఈడ గుంత పడింది, వెంట్రుకంత.
అవతలి కొస కొత్త రూపాయే.
ఆడిదాకా పనే పోలేదు."

పిడి తిప్పితే పావుచుట్టు ఉత్తిదే.
ఆ తర్వాతే స్లైడు కదిలింది,
మా నాయిన జవాబు చెప్పినట్టు.

నాకు వచ్చేవన్నీ జానెడు పనులు:
బోరుమోటరు బుష్షులు, ట్రాలీ పిన్నులు,
ఎప్పుడన్నా ఒక చెరకు గానుగ ఇరుసు.
ఆ జానెడులోనే కదన్నా అరుగుదల?

నవ్వినాడు.
"తెలిసిన దొంగతో కాపురం.
తాళం యాడ ఎయ్యాల్నో తెలుస్తాది."

బయానా ఐదువేలు.
చేతులకు నల్లజిడ్డు, ఎంత తోమినా పోని మిల్లు వాసన.

ఇంటికొచ్చేసరికి మాబున్ని
నాపరాళ్ల మీద సుద్దముక్కతో
ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు గీసి పెట్టింది.
గీతల లోపల
మా మంచం కోళ్లు రెండు.

"మిషను సరే," అన్నది,
"మనమెక్కడ పండుకునేది?"