నిశ్శబ్దానికి సరిపడేది

వంటగది బల్ల మీద మూడు నమూనాలు పరిచింది హెల్వె.
కొలగ్లాసులో గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు,
పక్కన పాత స్టాప్‌వాచ్.
ముప్పై ఏళ్లు బడిలో కెమిస్ట్రీ చెప్పిన చెయ్యి మరి.

మొదటిది గటగటా తాగేసింది.
కానీ నడిస్తే
చాక్లెట్ కాగితం విప్పినట్టు ఊరంతా చాటింపు.
రెండోది దూదిపింజ. కూర్చుంటే మాత్రం
తొడ దగ్గర సందు;
దగ్గొస్తే దేవుడే దిక్కు.
మూడోది నల్ల స్కర్టు కింద
ఉందో లేదో తనకే అనుమానం.
ధర చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసింది.
అంతే ఉంది.

శనివారం టార్టు చర్చిలో కచేరీ.
బయట మంచు, లోపల నలభై గొంతులు.
పాట నడుమ ఆ పొడవాటి మౌనం,
మూడు నెలలుగా ఆమె భయపడుతున్నది దానికే.
కండక్టర్ చెయ్యి గాల్లో ఆగింది.

అప్పుడు
వెనక వరసలో, మంద్రస్వరాల వైపు,
సన్నగా
చాక్లెట్ కాగితం.

ఎండెల్.
ఆరడుగుల ఎండెల్, పడవలకు తారు పూసే ఎండెల్.
రెండు తలలు అటు తిరగబోయాయి.

హెల్వె దగ్గింది.
గట్టిగా, సిగ్గులేకుండా, రెండుసార్లు.
కండక్టర్ చూపు ఆమెను కాల్చేసింది.

మూడోది
మాట నిలబెట్టుకుంది.