తలకట్టు

సాలూరు లారీలకి ముప్పయ్యేళ్లు రంగులేసిన చెయ్యి ఇది.
వెనక డాలా మీద తామరపువ్వు,
ముందు అద్దం మీద అమ్మ దీవెన,
డీజిల్ టాంకు మీద పులి.
బ్రేకు పడని బండికి కూడా
'నెమ్మది' అని రాసిచ్చాను,
రాయమన్నారు కాబట్టి.

గొర్లెమెట్ట మలుపులో ఆ గోడా నేనే రాశాను.
రామభద్రపురం సంతకి వంకాయల ఆటోలు ఒక పక్కనించి,
ఒడిశా ఘాటీ దిగిన లారీలు ఇంకో పక్కనించి,
సరిగ్గా మూల మీద
మజ్జి అప్పన్న కల్లం చుట్టూ కట్టిన గోడ.
సిమెంటు కంపెనీవాడు నిలువెత్తు అక్షరాలు అడిగాడు.
నాలుగు రోజులు నిచ్చెన దిగలేదు:
'వజ్రమంత నమ్మకం',
నీలం మీద పసుపు.
బస్సులోంచి చూసి మా ఆవిడ
వీధంతా చెప్పుకుంది.

ఆ గోడకి అవతల ఏముందో
లారీకి తెలీదు, సైకిలుకి తెలీదు.
హారనే కన్ను.

గేదెల పోలినాయుడు పాలకేన్లతో వచ్చాడు
కార్తీకంలో, మంచు విడవని పొద్దున.
పాలు గోడవారనే పారి
నా అక్షరాల కింద మడుగు కట్టాయి.
తెల్లగా ఉన్నంతసేపే చూడగలిగాను.
విజయనగరం ఆస్పత్రిలో ఒక కాలు వదిలేసి
మనిషి తిరిగొచ్చాడు.

తర్వాత అందరూ వచ్చారు.
టేపు పట్టుకుని ఒకరు, ఫోను పట్టుకుని ఒకరు.
సిగ్నలు పెట్టాలన్నారు. కరెంటు బిల్లు ఎవరిదన్నారు.
స్పీడుబ్రేకరు వేశారు,
దాని మీద ఎగిరి కోడిగుడ్ల ఆటో బోల్తాపడింది,
ఓ రాత్రి ఎవరో గునపంతో దాన్ని పెకలించేశారు.
ఇసక డ్రమ్ములు పెట్టారు.
వాటికి పెళ్లి ఫ్లెక్సీ కట్టారు.

చంకకర్ర పక్కన పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో
మూడు రోజులు ఆ మూలనే కూచుని
పోలినాయుడు తేల్చాడు:
"ఏటీ అక్కర్లేదు బావూ,
ఆ గోడ మోకాలెత్తు సేసెయ్యండి.
ఒకలకొకలు అవుపడితే సాలు.
మనిసిని సూసి సూసి ఎవుడూ గుద్దడు కదేటి."

అప్పన్న ఒప్పుకోడానికి నెల పట్టింది.
గోడకొచ్చే అద్దె, ఏడాదికి మూడువేలు, ఎవరిస్తారు?
ఆటోలు ట్రిప్పుకి రూపాయి వేశాయి.
గంపల సూరమ్మ రెండు వేసింది.
నేనేమీ వెయ్యలేదు,
కాగితం మీద సంతకం కూడా అందరికన్నా చివర.
గోడ పోతుందని కాదు.
కాదేంటి, గోడ పోతుందనే.

మొదటి దెబ్బ మాత్రం నేనే వేస్తానన్నాను.
పైనించి కదా కొట్టాలి,
ముందు తలకట్లు రాలాయి.
తలకట్టు తీసేస్తే హల్లుకి ప్రాణం పోయినట్టేరా అని
చిన్నప్పుడు మొట్టికాయ వేసి మరీ నేర్పారు మేస్టారు.
తర్వాత పొట్టలు.
తర్వాత నిండు సున్నా, ఒక్క దెబ్బకే.
మోకాలెత్తున మిగిలాయి
జ కింద క్రావడి,
మ కింద మ ఒత్తు.
చదవడానికేమీ లేదు.

దుమ్ము దిగింది.
గోడ అవతల దారి ఉంది.
పదకొండేళ్లుగా అక్కడే ఉందట.
లారీ ఒకటి వచ్చింది, పులి బొమ్మది,
నా పులే, మీసం చూసి పోల్చుకున్నాను,
హారన్ కొట్టకుండానే వేగం తగ్గింది.
అటునించి సైకిలు మీద ఇస్కూలు గుంట
కాలు కింద పెట్టి ఆగింది.
నువ్వెళ్లంటే నువ్వెళ్లని
ఇద్దరూ కాసేపు
చేతులూపుకుంటూ అక్కడే.

మర్నాడు తెల్లరంగు డబ్బాతో రోడ్డు మీదకి దిగాను.
తాడు పట్టి చారలు గీస్తుంటే
పొట్టిగోడ మీద కూచుని పోలినాయుడు
వంకర, వంకర అంటున్నాడు.
ఆ ఒత్తులు రెండూ చెరిపెయ్యనా అనడిగాను.
"ఉండనీ," అన్నాడు,
"కూకోడానికి అడ్డేటి?"