లైన్ క్లియర్

నా హెల్మెట్ మీద పేరు లేదు.
మార్కర్‌తో "అప్రెంటిస్" అని ఉంది,
ఆ అక్షరాలు కూడా నా ముందు బ్యాచ్ అబ్బాయివి.
ముమ్మిడివరం దాటాక చెరువుల మధ్య సబ్‌స్టేషన్,
ఏడాది ట్రైనింగు, తొమ్మిది వేల స్టైపెండ్.
గంటగంటకీ రీడింగు రాస్తాను:
వోల్టేజి, ఆంపియర్లు, ఆయిల్ వేడి,
బ్రీదర్ సీసాలో గింజలు నీలంగానే ఉన్నాయా
గులాబీకి తిరిగాయా.
ఇక్కడి గాలికి పదిహేను రోజులు చాలు వాటికి.

మొదటి నెల ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు నిద్రపోనివ్వలేదు.
రెండో నెల నుంచి
ఆ మూలుగు కాస్త మారితే మెలకువ వచ్చేది.

కాలేజీలో లైన్ అంటే బోర్డు మీద ఒక గీత,
చివర బాణం గుర్తు, పక్కన "లోడ్".
ఇక్కడ ఆ బాణం చివర
గుబ్బల భద్రం గారి ఎనిమిదెకరాల చెరువు,
తిరుగుతూనే ఉండాల్సిన ఏరేటర్లు,
టార్చి ఒళ్ళో పెట్టుకుని కునికే కాపలా మనిషి.
కరెంటు పోయిన కాసేపటికే
రొయ్యలు గట్టు వారకి చేరతాయట, ఊపిరి కోసం.
ఏ యూనిట్‌లోనూ చెప్పలేదు మాకు.

లైన్‌మన్ ఏడుకొండలు గారు పదో తరగతి తప్పారు.
ముప్పై ఏళ్ళుగా స్తంభాలు ఎక్కుతున్నారు.
నన్ను "ఇంజినీరమ్మా" అంటారు.
అందులో వెటకారం ఎంతో, మన్నన ఎంతో
కొలిచే మీటరు నా దగ్గర లేదు.

ధనుర్మాసం మంచు. రాత్రి ఒంటిగంటా ఇరవై.
రెండో ఫీడర్ ట్రిప్పయింది.
ఆపరేటర్ రత్నరాజు గారు ఒకసారి వేసి చూశారు, నిలవలేదు.
ఫోన్లు మొదలయ్యాయి,
తిట్లూ దండాలూ ఒకే గొంతులోంచి.

లైన్ క్లియర్ పుస్తకంలో రాసింది నేనే.
టైము, ఫీడరు, పనికి వెళ్ళే మనుషులు: నలుగురు.
సంతకం ఏడుకొండలు గారిది.

తూముకి అవతల మూడో స్తంభం మీద
పింగాణీ చిట్లి ఉంది,
ఉప్పు పేరుకున్న మేర నల్లగా కాలి.

"లైను డెడ్డే కదండీ" అన్నాను.
బ్రేకర్ బయటికి లాగాం, స్విచ్ తెరిచాం,
లెక్క ప్రకారం సున్నా.
"సున్నా అని తీగ చెప్పాలమ్మా. మనం చెప్పకూడదు, ఆయ్."
ముందు కడ్డీ భూమిలో దిగ్గొట్టారు.
తర్వాత ఆ పొడుగాటి రాడ్డెత్తి
కొక్కెం తీగకి తగిలించారు.

నీలంగా ఒక్క చిటుకు.
చందువా పొలుసు వెలుగులో తిరిగినంత సేపు, అంతే.
ఆ వెంటనే, ఎక్కడో మంచులో,
ఒక జనరేటర్ గుక్కపట్టి ఆగిపోయింది.

ఎవరో మీట మార్చడం మరిచారు.
చెరువు చచ్చిపోతుందన్న తొందర.
ఆ కరెంటు వెనక్కి నడిచి,
ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి,
పదకొండు వేలై వచ్చి మా నెత్తిమీద కూర్చుంది.
నాకు తెలియని సంగతి కాదు.
ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందూ వెనకా లేవని
పరీక్షలో రాశాను, బొమ్మ వేసి మరీ.
నా మోకాళ్ళకి మాత్రం అప్పుడే తెలిసింది.

ఏడుకొండలు గారు ఆ జనరేటర్ మనిషిని తిట్టలేదు.
"అటుపక్క కూడా ఎర్తు వెయ్యండ్రా" అన్నారు,
కుర్రాడు సింహాద్రి స్తంభం ఎక్కాడు.
నేను కింద టార్చి పట్టుకున్నాను.
వెలుతురు వణుకుతోందని పైనించి రెండుసార్లు అరిచాడు.

తిరిగొచ్చాక పుస్తకం తెరిచాను.
మనుషులు, సామాను, ఎర్తులు అన్నీ తీసేశామని రాయాలి.
"ఎంతమందిమి వెళ్ళాం?"
"నలుగురండీ."
ఆయన వేళ్ళు మడిచారు, సింహాద్రి దగ్గర మొదలుపెట్టి.
బొటనవేలు మిగిలింది. దాన్ని నా వైపు చూపించారు.
"వదిలేసిన మనిషి లైను మీదే ఉండిపోతాడమ్మా."
నలుగురు కొట్టేసి అయిదుగురు అని తనే రాశారు,
అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ.

రెండూ యాభైకి ఫీడర్ నిలబడింది.
సూది పైకి లేచింది, అరవై, ఎనభై, తొంభై ఆరు.
కిటికీ అవతల చీకట్లో
ఒక్కో చెరువూ నీళ్ళు చిమ్మడం వినిపించింది.
భద్రం గారికి ఎంత పోయిందో తెల్లారితే గాని తెలీదు.

మూడింటి రీడింగు రాశాను.
నా తొమ్మిది సున్నాలా వచ్చింది, దిద్దాను.
బ్రీదర్: సగం గులాబీ.
రేపు మార్చాలి.