గోడ శాఖ

వారాసిగూడలో ఒక గోడ ఉంది.
ఇటువైపు మా యార్డు,
రోడ్డు మీద దొరికినవన్నీ తెచ్చి పడేసే చోటు:
చక్రం ఊడిన బజ్జీల బండి, టీ స్టవ్వులు,
పోయిన ఎన్నికల ఫ్లెక్సీలు.
అటువైపు అంగన్‌వాడీ.
రేకుల కింద ముప్పై రెండు చిన్న కంచాలు.

గోడ ఎత్తు ఐదడుగులు.
దాని మీదుగా పప్పు వాసన వస్తుంది,
ఫైలు పోదు.

జప్తు అయినవాటికి నంబర్లు వేసే
కాంట్రాక్టు రాతగాణ్ణి నేను.
మంగళవారం పొద్దున సాయవ్వ బండి వచ్చింది.
పుంటికూర నలభై కట్టలు,
గంగవాయిలి పాతిక,
తడి గోనె కింద పాలకూర, లెక్కపెట్టలేదు.
ఫుట్‌పాత్ ఖాళీగా ఉండాలని పైనుంచి ఆర్డరు.
సాయవ్వ వెంటే నడిచొచ్చింది,
మనిషిని దవాఖానకు తోలుకపోతున్నట్టు
బండి మీద ఒక చెయ్యి వేసి.

జరిమానా రసీదు మీద బొటనవేలు ఒత్తింది.
"రేషను మిషను నా యేలిని పడ్తలేదు సారూ,
కట్టలు కట్టి కట్టి గీతలు అరిగినయంట.
నీ కాయితం మాత్రం జల్ది పట్టింది."
నవ్విందో లేదో చూడలేదు.

మధ్యాహ్నం గోడవతల
నస్రీన్ టీచరు ఫోనులో:
"ఆకుకూర బిల్లు మూడు నెలలుగా రాలేదు మేడం.
పప్పు ఉంది. ఉత్త పప్పే.
బరువుల రిజిస్టరా? పంపిస్తా.
ఎర్ర గడిలో ఆరుగురున్నారు."

నా ముందు పుంటికూర వాడిపోతోంది.
నిబంధన ప్రకారం అది సాక్ష్యం.
మూడు రోజులు ఆగాలి, ఆపైన చెత్త బండి.
చెత్త వేరే విభాగం.
పోషకాహారం వేరే.
ఫుట్‌పాత్ వేరే.
ఆకలి ఎవరిదో అని గోడకున్న చార్టులో వెతికాను.
అట్టడుగున ప్రింటింగ్ ప్రెస్ పేరు దొరికింది.

వాచ్‌మన్ మల్లారి చార్టులు చదవడు.
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని
ఒక కట్ట ఎత్తి గోడ మీదుగా విసిరాడు.
అటు ఎవరో పట్టుకున్నారు.
ఇంకొకటి.
సాయవ్వ లేచి అందివ్వసాగింది,
తన సరుకే, అమ్మకానికి లెక్కపెట్టినట్టే,
లాభం, రెండు, మూడు...

నేను తల వంచుకుని
పెన్నులో రీఫిల్లు మార్చాను.
చాలాసేపు మార్చాను.

నస్రీన్ అబద్ధం రాయదు, అదే వచ్చిన చిక్కు.
స్టాకు రిజిస్టరులో
పుంటికూర, నలభై కట్టలు.
'ఎక్కడి నుంచి' అన్న గడిలో
గోడ, అని రాసింది.

నిన్న ఆడిట్ మెమో:
నగరంలో గోడ అను పేరుగల శాఖ లేదు,
వివరణ ఇవ్వవలెను.
గోడ మా యార్డుది కాబట్టి జవాబు నా నెత్తిన పడింది.

అయ్యా, ఉన్నవన్నీ అవే, అని మొదలుపెట్టి
కొట్టేశాను.
బండి ఇంకా మా దగ్గరే ఉంది, నంబరు నూట పదిహేడు.
చెక్క సందులో ఒక పాలకూర ఆకు ఎండి అతుక్కుంది.

కట్టల లెక్క మాత్రం రాస్తున్నాను.
లాభం.
రెండు.